కండలో మచ్చ పడ్డ గుర్రానికి టేపు: తరచుగా అడిగే ప్రశ్నలు

కండ చిరిగి మానాక లోపల గట్టి పీచు మిగిలిపోతుంది, దాన్నే మచ్చ అంటున్నాను. అలా కండలో మచ్చ పడి నడక మారిన గుర్రాలతో, చర్మం మీద అతికించే కినీసియాలజీ టేపు అనే సాగే పట్టీ వాడి పనిచేస్తుంటాను. యజమానులు, లాయంలో వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు నన్ను అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పేటప్పుడు ఏదో ఒక ముక్క మరిచిపోతుంటాను. ఆ మరిచిన ముక్కే ఒక్కోసారి గుర్రం చర్మం మీద బొబ్బై తేలుతుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇందులో ఏదీ పశువైద్యుడి పరీక్షకు బదులు కాదు.

## మచ్చ గురించి

తొడ వెనక చెయ్యి పెడితే గట్టిగా తాడులా తగులుతోంది. అది మచ్చా, వాపా?

పచ్చి దెబ్బయితే అక్కడ వెచ్చగా ఉంటుంది. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, గుర్రం చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరుగుతుంది. మచ్చ అయితే చల్లగా, గట్టిగా, అంచు తెలిసేలా ఉంటుంది. నొక్కినా గుర్రం మేత నములుతూనే ఉంటుంది. ఇంజెక్షన్ చేసిన చోట లోపల చీము పట్టినా పైకి ఇలాగే తగలొచ్చు కాబట్టి చేతి అంచనాతో ఆగిపోకండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో మంచి కండ సన్నని చారలు పేర్చినట్టు కనిపిస్తుంది. మచ్చ పడ్డ చోట ఆ చారలు చెదిరిపోయి తెల్లగా మెరుస్తుంది. రక్తపరీక్షను నమ్ముకుంటే మాత్రం పొరబడతారు. కండ దెబ్బతింటే రక్తంలో సీకే, ఏఎస్‌టీ అనే ఎంజైములు పెరుగుతాయి. కొన్ని గంటల్లో పెరిగే సీకే కొద్దిరోజుల్లో దిగిపోతుంది, ఏఎస్‌టీ కొన్ని వారాలు నిలుస్తుంది. పాత మచ్చకు రెండూ మామూలుగానే రావచ్చు.

అసలు కండలో మచ్చ ఎందుకు పడుతుంది?

కండ చిరిగితే దాన్ని తిరిగి పుట్టించే కణాలు కండపోగుల పక్కనే నిద్రపోతూ ఉంటాయి. చిన్న చిరుగైతే అవి మేలుకుని పని పూర్తి చేస్తాయి. చిరుగు పెద్దదైనా, అక్కడే మళ్ళీ మళ్ళీ తగిలినా, ఇన్‌ఫెక్షన్ చేరినా కొత్త కండ పెరిగేలోపే కొల్లాజెన్ పీచు వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. పీచు ముడుచుకోదు, సరిగా సాగదు. తోటి గుర్రం తన్నడం, కంచెలో ఇరుక్కోవడం, వెనక కాలు తలతాడులో చిక్కుకుని పెనుగులాడటం, పరుగులో ఒక్కసారిగా జారుతూ ఆగే విన్యాసాలు, కండలోకి చేసిన ఇంజెక్షన్ వికటించడం నేను ఎక్కువగా వినే కారణాలు.

ఒక ఊరట ఉంది. ఆ పీచు మొదటి వారాల్లో అడ్డదిడ్డంగా అల్లుకున్నా, తర్వాత నెలల తరబడి తనను తాను సర్దుకుంటూనే ఉంటుంది. ఏ దిశలో లాగుడు పడితే ఆ దిశకు తిరుగుతుంది. మనం చేసే పనికంతా ఆధారం ఆ లాగుడే.

వెనక కాలు ముందుకు చాపి, నేల తాకేలోపే వెనక్కి లాగి దబ్బున కొడుతోంది. నొప్పితోనే అలా చేస్తోందా?

మీరు చెప్పిన నడక ఫైబ్రోటిక్ మయోపతి అనే స్థితికి గుర్తు. తొడ వెనక సెమిటెండినోసస్ అనే పొడవాటి కండ ఉంటుంది. పిరుదు ఎముక దగ్గర మొదలై మోకాలి కింద లోపలివైపు అతుక్కుంటుంది. కాలు ముందుకు ఊగేటప్పుడు చివరలో మెల్లగా సాగుతూ దానికి బ్రేకు వేసేది ఈ కండే. ఇందులో మచ్చ పడితే బ్రేకు ముందే పడుతుంది. కాలు చేరాల్సిన చోటికి చేరకముందే తాడు బిగిసినట్టు వెనక్కి వచ్చి, డెక్క నేలకు కొట్టుకుంటుంది. పక్కనున్న కండలకు కూడా మచ్చ పాకి ఉండొచ్చు.

పాత మచ్చలో ఇది చాలావరకు నొప్పి కుంటు కాదు, సాగని కండ వల్ల వచ్చే కుంటు. నొప్పి మందు ఇచ్చినా అంతగా మారదు. ట్రాట్ అనే మెల్లని పరుగులో కంటే మామూలు నడకలోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే పరుగెత్తించి చూసి "ఏం లేదు" అనుకున్నవాళ్ళు ఉన్నారు. దీన్ని మరో రెండింటితో పొరబడొద్దు. స్ట్రింగ్‌హాల్ట్ అనే నడక జబ్బులో కాలు పొట్ట వైపు ఎగదన్నినట్టు అతిగా మడుస్తుంది. మోకాలి చిప్ప ఇరుక్కుంటే కాలు వెనక్కి చాచినట్టే బిగుసుకుపోతుంది. ఈ తేడా పశువైద్యుడు తేల్చాకే టేపు గురించి ఆలోచించాలి.

టేపు మచ్చను కరిగిస్తుందా?

కరిగించదు. సాగే నూలుబట్టకు వెనక జిగురు పూసిన పట్టీ అది. లోపల వేళ్ళ మందం కండ కింద ఉన్న పీచును విడగొట్టే శక్తి దానికి లేదు. కరిగిస్తుందని చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మరి టేపు చేసేదేమిటి?

చర్మంతో మాట్లాడుతుంది. వీపు మీద ఈగ వాలితే సరిగ్గా అక్కడే చర్మం అదిలించే జంతువు గుర్రం. అంత సున్నితమైన చర్మం మీద సాగే పట్టీ అతికిస్తే అడుగు వేసిన ప్రతిసారీ అక్కడ చిన్న లాగుడు తెలుస్తుంది. దెబ్బ తగిలాక ఆ కాలిని దాచుకుంటూ నడవడానికి అలవాటు పడ్డ గుర్రానికి "ఈ భాగం కూడా నీదే" అని గుర్తుచేసినట్టు అవుతుందని నా నమ్మకం.

నమ్మకం అన్న మాట తెలిసే వాడాను. ఈ టేపును 1970లలో జపాన్‌లో కెంజో కాసే మనుషుల కోసం తయారుచేశారు. గుర్రాల మీద జరిగిన అధ్యయనాలు తక్కువ, వాటిలో చూసిన గుర్రాలూ తక్కువే. కొన్నింటిలో కదలికలో కొలవదగ్గ తేడా కనిపించలేదు. చర్మాన్ని పైకెత్తి రక్తప్రసరణ పెంచుతుందన్న మాట ప్రచారంలో గట్టిగా ఉంది, రుజువులో పలుచగా ఉంది. చర్మానికి తగిలే స్పర్శ గుర్రం అడుగును మార్చగలదని మాత్రం వేరే పనిలో తెలిసింది. వెనక కాళ్ళకు డెక్క పైన తేలికపాటి పట్టీలు కట్టి నడిపిస్తే డెక్క ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. మొదట బాగా లేస్తుంది, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. నేను టేపు వాడే తీరంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడింది.

ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారికి పోతుంది కదా, ఇదంతా ఎందుకు?

కొన్ని గుర్రాలకు ఆపరేషనే సరైన దారి. మచ్చ పడ్డ కండను కోసి వదులు చేయడం ఒక పద్ధతి. మోకాలి కింద ఆ కండ ఎముకకు అతుక్కునే స్నాయువును కోయడం ఇంకొకటి. నడక వెంటనే మెరుగైన గుర్రాలు చాలా ఉన్నాయి. అయితే కోసిన చోటు మానేటప్పుడు అక్కడా పీచే పుడుతుంది. నెలలు గడిచాక పాత నడక కొంతో గొప్పో తిరిగి రావడం తెలిసిన సంగతే. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా నడిపించే పని ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో కోసిన వైద్యుడే చెప్పాలి. కుట్లు ఉన్నంతకాలం టేపు వద్దు.

## టేపు కొనే ముందు

దెబ్బ తగిలి ఎన్నాళ్ళకు టేపు వేయొచ్చు?

రోజుల లెక్క కంటే చేతికి తెలిసే గుర్తులు చూడండి. వేడి పోవాలి, నొక్కితే నొప్పి తగ్గాలి, చర్మం పూర్తిగా మూసుకోవాలి, పశువైద్యుడు నడిపించమని చెప్పాలి. ఈ నాలుగూ కుదిరాక మొదలుపెట్టినవాటిలో, దెబ్బ తగిలి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల మధ్య ఉన్న గుర్రాలకే ఎక్కువ మేలు కనిపించింది. పీచు ఇంకా సర్దుకుంటూ ఉండే కాలం అది. ఏళ్ళ నాటి మచ్చ అయితే ఆశ తగ్గించుకుని మొదలుపెట్టండి.

ఏ గుర్రానికి అసలు వేయకూడదు?

పుండు, పొక్కులు, వానకు చర్మం చిట్లి పెచ్చులు కట్టిన గుర్రానికి వద్దు. జ్వరం ఉన్నా, కాలంతా ఉబ్బి వేడెక్కినా, రక్తనాళంలో గడ్డ కట్టిందన్న అనుమానం ఉన్నా వద్దు. కణితి మీద వేయకూడదు. వయసుతో తెల్లబడి 15 ఏళ్ళు దాటిన గుర్రాల్లో చాలావాటికి తోక కింద, ఆ చుట్టుపక్కల నల్లటి మెలనోమా గడ్డలు ఉంటాయి. తొడ వెనక కండ మొదలయ్యే చోటికి అది చాలా దగ్గర కాబట్టి తోక ఎత్తి చూశాకే టేపు చేతిలోకి తీసుకోండి. క్వార్టర్ హార్స్ జాతిలో హెర్డా అనే పుట్టు చర్మవ్యాధి ఉంటుంది. ఆ గుర్రాల చర్మం చిన్న లాగుడుకే ఊడి వస్తుంది. వాటి జోలికి అసలు వెళ్ళొద్దు.

మనుషులకు వేసే టేపే వాడొచ్చా?

వాడొచ్చు. 5 సెంటీమీటర్ల వెడల్పు టేపు మెడకూ కాళ్ళకూ సరిపోతుంది, తొడకు చాలదు. గుర్రాల కోసం అమ్మేవి దాదాపు రెట్టింపు వెడల్పులో, వెంట్రుకల మీద నిలిచేలా ఎక్కువ జిగురుతో వస్తాయి. సాగని ప్లాస్టర్ టేపు మాత్రం వద్దు. ఏ టేపునైనా కాలి చుట్టూ పూర్తిగా చుట్టొద్దు, వాపు వస్తే అది ఉరితాడు అవుతుంది.

రంగును బట్టి పనితనం మారుతుందా?

మారదు. అన్నింటికీ అదే బట్ట, అదే జిగురు.

నేనే వేసుకోవచ్చా, ఎవరినైనా పిలవాలా?

మొదటిసారి గుర్రాల ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళ చేత వేయించండి. మీరు పక్కన నిలబడి ఫొటోలు తీసుకోండి. రెండోసారి వాళ్ళు చూస్తుండగా మీరు వేయండి. టేపు వేయడం వారంలో వచ్చే విద్య. కండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చేతికి తెలియడానికి నెలలు పడుతుంది. అది తెలియకపోతే టేపు పక్క కండ మీద పడుతుంది.

వెంట్రుకలు గొరగాలా?

గొరగకండి. గొరిగిన చర్మం మీద జిగురు నేరుగా పడితే దురద, దద్దురు వస్తాయి. బొచ్చు బాగా పెరిగి ఉంటే మిషనుతో పొట్టి చేస్తే చాలు. బ్రష్‌తో మాలీసు చేసి దుమ్ము, చుండు లేపండి. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో వెంట్రుకలు వాలిన వైపే తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆ రోజు ఈగల మందు, నిగనిగలాడే స్ప్రేలు వాడొద్దు. వాటి మీద ఏ జిగురూ నిలవదు.

## టేపు వేసే రోజు

కాగితం చించిన చప్పుడుకే బెదిరిపోతోంది. ఏం చెయ్యాలి?

ఆ రోజు టేపు వేయకండి. మేత వేసేటప్పుడు దూరంగా నిలబడి కాగితం చించండి. రోజురోజుకూ కొంచెం దగ్గరికి రండి. చిన్న ముక్క ఒకటి భుజం మీద అతికించి, అరగంట ఉంచి, తీసేయండి. భుజం ఒప్పుకున్నాకే తొడ దగ్గరికి వెళ్ళాలి. వేసేవాళ్ళూ పగ్గం పట్టుకున్నవాళ్ళూ గుర్రానికి ఒకే పక్కన ఉండాలి. తల మీ వైపు తిప్పితే దాని వెనక భాగం మీ నుంచి దూరంగా జరగాలి కానీ మీ మీదికి రాకూడదు. నేల మీద కూర్చోవద్దు, మోకాళ్ళ మీద వంగొద్దు. ఎంత సాధు గుర్రమైనా ఇది మారదు.

టేపు ఎంత లాగి వేయాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేను కూడా చేశాను. మొదట్లో ఒక ఆడగుర్రానికి గట్టిగా లాగి వేస్తే ఎక్కువ పని చేస్తుందనుకున్నాను. మర్నాడు చూస్తే పట్టీ రెండు కొసల దగ్గరా బొబ్బలు. ఎంత నొచ్చుకుందో నాకు చెప్పలేదు, చెయ్యి దగ్గరికి తెస్తే పక్కకు జరిగింది, అంతే. ఆ జరగడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండు కొసల దగ్గర మూడు వేళ్ళ వెడల్పు మేర అసలు లాగకూడదు. వాలనిచ్చి అతికించాలి. మధ్య భాగంలో కొద్దిగా లాగితే చాలు. టేపు ఎలా వేయాలో చూపే పటాల్లో 20 శాతం అని రాసి ఉంటే అది టేపు పొడవులో 20 శాతం కాదు, అది సాగగలిగిన మేరలో 20 శాతం. 10 సెంటీమీటర్ల ముక్క మీరు ఎంత లాగినా 15 దాటదు అనుకుందాం. దాని సాగుడు 5 సెంటీమీటర్లు, అందులో 20 శాతం అంటే ఒక్క సెంటీమీటరు. 10ని 11 చేస్తే సరిపోయింది. పైగా ఈ టేపును కాగితానికి అతికించేటప్పుడే దాదాపు 10 శాతం సాగదీసి ఉంచుతారు. అంటే కాగితం ఒలిచి ఏమీ లాగకుండా వేసినా కొంచెం లాగుడు ఉన్నట్టే. మచ్చ ఉన్న కండకు నేను చాలాసార్లు ఆ మాత్రంతోనే సరిపెడతాను.

మచ్చ మీద నుంచి వేయాలా, పక్క నుంచా?

మొదటి వారం ఒకే ఒక్క పట్టీ వేయండి. కండ పొడవునా, పిరుదు ఎముక కింది నుంచి మోకాలి వెనక దాకా. వేసేటప్పుడు ఆ కాలు మరో కాలి కంటే ముందుకు పెట్టి నిలబడేలా చూడండి, అప్పుడు కండ సాగి ఉంటుంది. కాలు వెనక్కి ఉన్నప్పుడు వేస్తే మొదటి అడుగులోనే పట్టీ బిగిసి, ఊడిపోతుంది. గుర్రం దాన్ని హాయిగా భరిస్తే రెండో వారం మచ్చ మీదుగా అడ్డంగా ఒక పొట్టి పట్టీ చేర్చొచ్చు. ఫొటోల్లో కనిపించే వలల్లాంటి అల్లికలకు నేను దూరం. పది పట్టీలు వేస్తే వాటిలో ఏది పనిచేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో ఎప్పటికీ తెలియదు.

పై నుంచి కిందికి వేస్తే కండ వదులవుతుంది, కింది నుంచి పైకి వేస్తే బలపడుతుంది అంటారు. నిజమేనా?

శిక్షణల్లో అలా నేర్పుతారు. దిశ మారిస్తే ఫలితం మారుతుందని గట్టి రుజువు లేదు. నేను దిశను వెంట్రుకల వాలును చూసి నిర్ణయిస్తాను. వాలు వెంబడి వేసిన పట్టీ ఎక్కువసేపు నిలుస్తుంది, తీసేటప్పుడు తక్కువ నొప్పి పెడుతుంది.

వేసిన గంటకే ఊడిపోతోంది

మూలలు గుండ్రంగా కత్తిరించారా? పదునైన మూల తోకకో గోడకో తగులుకుని లేస్తుంది. వేశాక అరచేత్తో గట్టిగా రుద్దండి, ఆ వేడికే జిగురు పట్టుకుంటుంది. రుద్దాక అరగంట ఆగి నడకకు తీసుకెళ్ళండి. గుర్రం చెమటలో నురగ తెప్పించే లాథరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, పట్టీ కుదురుకోకముందే చెమట పడితే ఇక నిలవదు. జిగురు వైపు వేళ్ళు తగలనివ్వకండి.

## టేపు ఉన్న రోజుల్లో

ఎన్ని రోజులు ఉంచాలి?

అమ్మేవాళ్ళు 5 రోజుల దాకా అంటారు. నేను ఒకటి నుంచి మూడు రోజులు ఉంచి తీసేస్తాను. చర్మానికి కనీసం ఒక రోజు విరామం ఇస్తాను. చర్మం ఆరోగ్యం ఒక కారణం. స్పర్శకు గుర్రం త్వరగా అలవాటు పడటం రెండోది. వారమంతా ఉన్న పట్టీని అది పట్టించుకోవడం మానేస్తుంది. కొత్తగా వేసిన రోజునే మంచి వ్యాయామం పెట్టుకుంటే ఆ స్పర్శ వృథా పోదు.

టేపు వేసి లాయంలో కట్టేస్తే పనిచేస్తుందా?

చేయదు. పీచు సరైన దిశకు తిరగాలంటే లాగుడు పడాలి, అది అడుగు వేస్తేనే పడుతుంది. కదలకుండా నిలబడ్డ గుర్రం మీద టేపు అలంకారం మాత్రమే. రోజుకు 23 గంటలు లాయంలో ఉండి ఒక గంట బయటికి వచ్చే గుర్రానికి, టేపు లేకుండా రోజంతా మైదానంలో మేస్తూ తిరిగే గుర్రానికి మధ్య నేను రెండోదాని మీదే ఆశ పెట్టుకుంటాను. మీ దగ్గర డబ్బు, సమయం రెండూ తక్కువైతే టేపు మానేయండి, తిరగడానికి జాగా ఇవ్వండి.

ఎలాంటి వ్యాయామం చేయించాలి?

పగ్గం పట్టుకుని నడిపించడంతో మొదలు. చదునైన గట్టి నేల మీద 10 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. గుర్రం సుఖంగా ఉంటే వారానికి 5 నిమిషాలు పెంచండి. వేగంగా కాదు, పొడవైన అడుగులతో. మీరు తొందరపడితే అది చిన్న అడుగులు వేసి మీతో సమానంగా వస్తుంది, మచ్చ ఉన్న కండ సాగనే సాగదు.

రెండు మూడు వారాలకు నేల మీద కర్రలు పరచండి. మొదట ఒకటి, తర్వాత మూడు, నాలుగు. కర్రల మధ్య దూరం మీ గుర్రం ఇప్పుడు వేయగలిగే అడుగుకు సరిపోవాలి, మీరు కోరుకునే అడుగుకు కాదు. డెక్కలు తగలకుండా దాటుతున్నప్పుడే దూరం పెంచాలి. ఆ తర్వాత వాలు ఎక్కించడం, మెల్లగా దించడం. దిగేటప్పుడు వెనక కాళ్ళు పొట్ట కిందికి వస్తాయి, తొడ వెనక కండ సాగుతూ బరువును ఆపుతుంది. ఈ కండ మరిచిపోయిన పని సరిగ్గా అదే. అందుకే వాలు దించడం చివర్లో, కొద్దికొద్దిగా.

క్యారెట్ చూపించి మెడను మోకాళ్ళ మధ్యకు, నడుము వైపుకు తిప్పించే సాగుళ్ళు కూడా చేర్చండి. వారానికి 5 రోజుల చొప్పున 3 నెలలు చేసిన గుర్రాల్లో వెన్నును నిలబెట్టే మల్టిఫిడస్ కండ పెరిగినట్టు 2011 నాటి ఒక అధ్యయనం కొలిచి చూపింది. కాలు సరిగా సాగని గుర్రం వీపును బిగబట్టి నడుస్తుంది కాబట్టి ఇవి మచ్చకు దూరంగా ఉన్నా దానికి సాయమే.

చేత్తో కాలు ముందుకు సాగదీయొచ్చా?

నడిపించాక, కండ వెచ్చగా ఉన్నప్పుడు చేయొచ్చు. డెక్క పట్టుకుని అదే వైపు ముందు కాలి దిశగా, నేలకు దగ్గరగా మెల్లగా తీసుకురండి. ఆగిన చోట ఆపి 15, 20 సెకన్లు అలాగే పట్టుకోండి. లాగకండి, కుదపకండి. గుర్రమే బరువు వదిలి కాలు మీ చేతికి ఇచ్చే క్షణం ఒకటి వస్తుంది. అది వచ్చేదాకా ఓపిక పట్టడమే ఇందులో నైపుణ్యం. కాలు వెనక్కి లాక్కుంటే వెంటనే వదిలేయండి.

జీను కింద, బూట్ల కింద టేపు ఉండొచ్చా?

ఉండకూడదు. రాపిడికి పట్టీ ముడత పడి చర్మాన్ని కోస్తుంది.

పోటీలో టేపుతో దిగనిస్తారా?

పోటీకీ పోటీకీ నిబంధన మారుతుంది, ఏటా మారొచ్చు కూడా. బరిలోకి టేపు నిషేధించేవాళ్ళు ఉన్నారు. నిర్వాహకులను రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. నా మట్టుకు, టేపు అవసరమైన గుర్రం ఇంకా పోటీకి సిద్ధం కానట్టే.

పట్టీ దగ్గర గోడకు రాసుకుంటోంది, తోక ఆడిస్తూనే ఉంది

తీసేయండి. ఇంకో గంట చూద్దాం అనుకోవద్దు. కింద దద్దురు, ఎర్రదనం ఉంటే గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరనిచ్చి, చర్మం మామూలయ్యేదాకా ఆగండి. రెండోసారి మరో రకం టేపు చిన్న ముక్క వేసి ఒక రోజు చూడండి. మళ్ళీ అదే జరిగితే ఈ గుర్రానికి టేపు పడదు, అంతే. నడక, కర్రలు, సాగుళ్ళు మిగిలే ఉన్నాయి.

నొప్పి లేకుండా తీసేదెలా?

పట్టీ మీద పసిపిల్లలకు రాసే నూనె (బేబీ ఆయిల్) రాసి పది నిమిషాలు నానబెట్టండి. వెంట్రుకలు వాలిన వైపు, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, ఇంకో చేత్తో పట్టీని చర్మానికి ఆనించినట్టే వెనక్కి మడుస్తూ తీయండి. ఒక్క ఊపున పీకితే వెంట్రుకలు ఊడతాయి, మర్నాడు మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు.

## వారాలు గడిచాక

మెరుగవుతోందో లేదో ఎలా తెలుస్తుంది? నాకైతే బాగైనట్టే ఉంది

"బాగైనట్టే ఉంది" అన్న మాటను నేను నాలోనూ నమ్మను. ప్రేమగా చూసే కంటికి మెరుగు ముందే కనిపిస్తుంది. తడి ఇసుక చదును చేసి గుర్రాన్ని నడిపించండి. ఇసుకలో పడ్డ గుర్తుల్లో ముందు డెక్క గుర్తుకూ అదే వైపు వెనక డెక్క గుర్తుకూ మధ్య దూరం కొలవండి. మంచి కాలి వైపూ కొలవండి. కనీసం ఆరు అడుగులకు సగటు తీసి తేదీతో రాసుకోండి. రెండు వైపుల తేడా తగ్గుతూ వస్తే పని జరుగుతున్నట్టు. దానితో పాటు రెండు వారాలకోసారి, అదే చోట, అదే దూరం నుంచి, అదే వేగంతో నడుస్తుండగా పక్క నుంచి వీడియో తీయండి. డెక్క వెనక్కి జారి నేలకు కొట్టే క్షణాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, టేపు లేని రోజున కొలవండి. టేపుతో వచ్చిన అడుగు ఆ రోజుది. టేపు లేకుండా నిలిచిన అడుగే మీ గుర్రం సంపాదించుకున్నది.

టేపు వేసినప్పుడు బాగా నడుస్తోంది, తీయగానే మళ్ళీ మొదటికే. మరి లాభమేమిటి?

మొదటి వారాల్లో అలాగే ఉంటుంది. ఆ బాగా నడిచిన అరగంటలో కండ ఎక్కువ దూరం సాగింది, పీచు మీద మంచి లాగుడు పడింది. అలాంటి అరగంటలు పోగవడమే మనకు కావలసింది. ఆరు వారాల తర్వాత కూడా టేపు లేని రోజు కొలతలో ఏ మార్పూ లేకపోతే టేపు ఆపేసి వైద్యుడితో మళ్ళీ మాట్లాడండి.

మొత్తం ఎన్నాళ్ళు పడుతుంది?

నేను 12 వారాల ప్రయత్నం అని ముందే చెప్పి మొదలుపెడతాను. మొదటి నాలుగు వారాల్లో వారానికి రెండుసార్లు టేపు, తర్వాత ఒకసారి, చివరి నెలలో వ్యాయామం మాత్రమే. గుర్రం టేపు మీద కాదు, తన కాళ్ళ మీద నిలవాలి.

మచ్చ రాయిలా గట్టిపడుతోంది. రుద్దితే తగ్గుతుందా?

రుద్దొద్దు. కొన్ని మచ్చల్లో సున్నం చేరుతుంది, కొన్ని ఎముకగానే మారతాయి. దాన్ని ఆసిఫైయింగ్ మయోపతి అంటారు. గట్టిగా నొక్కి మాలీషు చేస్తే చుట్టూ ఉన్న మంచి కండ నలుగుతుంది. స్కాన్, అవసరమైతే ఎక్స్‌రే తీయించండి. అంత గట్టిపడ్డ మచ్చకు టేపుతో ఒరిగేది ఉండదు. ఆపరేషన్ మాట అప్పుడే ఎత్తాలి.

అన్నీ చేశాం. నడక కొంత మారింది కానీ ఆ దబ్బు పూర్తిగా పోలేదు. స్వారీ చేయొచ్చా?

నొప్పి లేదని పశువైద్యుడు తేల్చి చెబితే చేయొచ్చు. ఈ నడకతోనే ఏళ్ళ తరబడి స్వారీకి వెళ్ళే గుర్రాలున్నాయి. ఒక్కసారిగా ఆపడం, పదునైన మలుపులు, లోతైన ఇసుక మానేయండి. స్వారీకి ముందు 15 నిమిషాలు పగ్గంతో నడిపించండి. లాడం కొట్టేవాళ్ళకు ఈ కాలి సంగతి ముందే చెప్పండి. ఆ కాలిని ఎత్తుగా, ముందుకు ఎక్కువసేపు పట్టుకుంటే నిలబడలేక గుర్రం లాక్కుంటుంది, దాన్ని మొండితనం అనుకుని కొడతారు. కిందికి పట్టుకుని, మధ్యమధ్య కాలు దించనిస్తే చాలు, చెప్పినట్టు నిలబడుతుంది.